బేస్‌మెంట్ పర్మిట్ నా పేరు మీదే తీసుకోమంటున్నాడు కాంట్రాక్టర్, తీసుకోవచ్చా? (ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ, వర్జీనియా)

హెర్న్‌డన్ శ్రీను:
అందరికీ నమస్తే. మా బేస్‌మెంట్ ఇంకా అన్‌ఫినిష్డ్‌గానే ఉంది, వచ్చే సమ్మర్‌కి అమ్మానాన్న వస్తున్నారు కాబట్టి కింద ఒక బెడ్‌రూమ్, ఫుల్ బాత్, చిన్న పూజ గది చేయిద్దామని ఒకతన్ని మాట్లాడాం. రేటు బానే చెప్పాడు గానీ లోపలి పనికి కౌంటీ పర్మిట్ ఎందుకండీ అన్నాడు, గట్టిగా అడిగితే సరే మీ పేరు మీద తీసేసుకోండి తొందరగా వస్తది అంటున్నాడు. ఓనర్ తీసుకుంటే ఏమన్నా ఇబ్బందా?

వసంత_సెంటర్‌విల్:
శ్రీను గారు, ఓనర్ తీసుకోవచ్చు, అందులో తప్పు లేదు, సొంతంగా పని చేసుకునేవాళ్ళ కోసమే అది. కానీ అఫిడవిట్ (ప్రమాణ పత్రం) మీద సంతకం పెట్టేది మీరు, అంటే కోడ్ ప్రకారం పని జరిగిందా లేదా అన్నదానికి పూచీ కూడా మీదే, ఇన్‌స్పెక్షన్ ఫెయిలైతే కౌంటీ వాళ్ళు పట్టుకునేది మిమ్మల్నే. లైసెన్స్ ఉన్నోడు తన పేరు మీద తీసుకోడానికి ఎందుకు వెనకాడతాడు? వర్జీనియాలో కాంట్రాక్టర్లకి లైసెన్స్ ఇచ్చేది డీపీఓఆర్ అనే రాష్ట్ర శాఖ, వాళ్ళ సైట్లో పేరు కొడితే ఎంత పెద్ద పని చేయొచ్చో చెప్పే క్లాస్ ఏ, బీ, సీ ఏదో వచ్చేస్తుంది, అడ్వాన్స్ ఇవ్వకముందే చూడండి. లైసెన్స్ ఉన్నోడు మోసం చేసినట్టు కోర్టులో తేలితే నష్టపరిహారం ఇచ్చే రాష్ట్రం రికవరీ ఫండ్‌కి అప్లై చేసుకునే దారైనా ఉంటుంది, లేనోడి దగ్గర అదీ ఉండదు.

డెక్కుమేస్త్రి:
వసంత గారు చెప్పింది కరెక్ట్. నేను చెప్పేది కిటికీ గురించి, పెద్దవాళ్ళు పడుకునే గది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బేస్‌మెంట్ బెడ్‌రూమ్‌కి ఈగ్రెస్ విండో ఉండాల్సిందే, మంటలొస్తే బయటికి దారి అదే. తెరిచినప్పుడు ఖాళీ కనీసం 5 చదరపు అడుగులు, ఎత్తు 24 అంగుళాలు, వెడల్పు 20, కింది అంచు నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. 24, 20 చాలు కదా అని కొనేస్తారు చాలామంది, అవి రెండూ గుణిస్తే వచ్చేది 3.3 చదరపు అడుగులే! బయట విండో వెల్ (కిటికీ ముందు తవ్వే గుంట) 9 చదరపు అడుగులు ఉండాలి, 44 అంగుళాల కన్నా లోతైతే నిచ్చెన కూడా పెట్టాలి. తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి, గ్యాస్, కరెంటు లైన్లు ఉచితంగానే మార్క్ చేసి వెళ్తారు.

హెర్న్‌డన్ శ్రీను:
చాలా థాంక్స్ అండీ, కిటికీ సంగతి అతను అస్సలు ఎత్తనే లేదు. హెచ్‌ఓఏకి (మా కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం) కూడా చెప్పాలా? డ్రాయింగ్‌కి ఆర్కిటెక్ట్ కావాలా?

వసంత_సెంటర్‌విల్:
విండో వెల్ బయటికి కనపడుతుంది కాబట్టి హెచ్‌ఓఏని అడగండి, కౌంటీ పర్మిట్ వచ్చినా వాళ్ళ అనుమతి వేరే. మామూలు బేస్‌మెంట్ అయితే కౌంటీయే రెడీమేడ్ డీటెయిల్స్ షీట్లు పెట్టింది, వాటితో పాటు ప్లాన్ గీసి కౌంటీ పర్మిట్ల వెబ్‌సైట్ ప్లస్ పోర్టల్లో అప్‌లోడ్ చేయొచ్చు. కరెంటు, ప్లంబింగ్ పర్మిట్లు వాటికవే. వైరింగ్, పైపులు, ఫ్రేమింగ్ ఇన్‌స్పెక్టర్ చూడకుండా డ్రైవాల్‌తో (గోడకి కొట్టే జిప్సం బోర్డు) మూయనివ్వకండి, మళ్ళీ పగలగొట్టమంటారు. కింద స్టవ్ పెట్టే ఆలోచన ఉంటే ముందే కౌంటీ జోనింగ్ (స్థలాన్ని ఎలా వాడుకోవచ్చో చూసే) వాళ్ళని అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, ఫైనల్ ఇన్‌స్పెక్షన్ పాసయ్యేదాకా ఆఖరి పేమెంట్ ఇవ్వనని కాంట్రాక్ట్‌లోనే రాయించుకోండి.