మున్సిపల్ బడ్జెట్‌లో మన కాలనీ పని ఎక్కించడం ఎలా? మీ అనుభవాలు చెప్పండి

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. మాది తూర్పు గోదావరి వైపు ఒక మున్సిపాలిటీ. ఊరి చివర కాలనీ. సీసీ రోడ్డు వేశారు గానీ సైడు కాలువ కట్టలేదు. వాన పడితే నీళ్లు ఎటూ పోలేక వీధిలోనే రోజుల తరబడి నిలబడతాయి. దోమలు, జ్వరాలు, స్కూలు పిల్లలు మురికి నీళ్లలో నడిచి వెళ్లడం, అన్నీ ఉన్నాయి. ఇంటి పన్ను మాత్రం అందరం కడుతున్నాం. బడ్జెట్ సమావేశం ఉందని తెలిసి కాలనీ సంఘం తరఫున వినతిపత్రం తీసుకెళ్తే, "బడ్జెట్ పుస్తకం అచ్చయిపోయింది, వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. వచ్చే ఏడాదైనా ఈ మాట వినకూడదని ఇక్కడ అడుగుతున్నాను. ఎవర్ని కలవాలి, ఎప్పుడు కలవాలి, కాగితం మీద ఏం రాయాలి? ఇలాంటి పని సాధించినవాళ్లు ఉంటే వివరంగా చెప్పండి.

మాజీ కౌన్సిలర్
తమ్ముడూ, నేను తెలంగాణలో ఒక దఫా కౌన్సిలర్‌గా చేశాను. బడ్జెట్ సమావేశం రోజున వెళ్తే చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అప్పటికే ఏ పద్దు కింద ఎంత అనేది ఖరారైపోయి ఉంటుంది. సభ్యులకే పుస్తకం ఆలస్యంగా చేరుతుంది. సమావేశంలో సగం టైము సభ్యులు సమస్యలు లేవనెత్తే జీరో అవర్ గొడవలకే పోతుంది, మిగతా సగంలో చేతులెత్తి ఆమోదిస్తారు. హైదరాబాద్ లాంటి పెద్ద కార్పొరేషన్‌లో అయితే చట్టం ప్రకారం కమిషనర్ నవంబర్‌లోనే ముసాయిదాను స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ) ముందు పెట్టాలి. అంటే లెక్కలు అంతకంటే ముందే మొదలవుతాయి. చిన్న మున్సిపాలిటీల్లో కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ దసరా దాటాక ఆలస్యమైనట్టే అనుకోండి.

ఇక డబ్బు సంగతి. ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, కుళాయి చార్జీలు, ట్రేడ్ లైసెన్సులు, ఇంటి ప్లాన్ ఫీజులు, మార్కెట్ వేలం, స్టాంపు డ్యూటీలో ప్రభుత్వం ఇచ్చే వాటా, ఇవి మున్సిపాలిటీ సాధారణ రాబడి. ఇందులోంచి ముందు పోయేవి జీతాలు, పారిశుధ్య కార్మికుల వేతనాలు, వీధి దీపాలకూ పంపుహౌస్‌లకూ కరెంటు బిల్లు, బండ్ల డీజిల్, పాత అప్పుల వాయిదాలు. మా రాష్ట్రంలో 2019 మున్సిపల్ చట్టం ప్రకారం 10 శాతం పచ్చదనానికి కూడా తీసి పెట్టాలి. ఇన్ని పోయాక మిగిలిన దాంట్లోంచి మీ కాలువ రావాలి. వార్డులన్నీ ఆ కాస్త మిగులు మీదే కన్నేసి ఉంటాయి.

అందుకే వినతిపత్రంలో "నిధులు మంజూరు చేయగలరు" అని వదిలేయకండి. ఏ నిధి నుంచి అడుగుతున్నారో రాయండి. కేంద్రం వేసిన 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో పది లక్షల జనాభా దాటని పట్టణాలకు 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికి కట్టేశారు. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చన్నారు, జీతాలకు వాడకూడదన్నారు. ఇప్పుడు మీ పట్టణానికి ఏ గ్రాంటు ఏ షరతుతో వస్తోందో అకౌంట్స్ సెక్షన్‌లో అడగండి. ఆ ఒక్క ప్రశ్నతోనే మీతో మాట్లాడే తీరు మారుతుంది.

పాలమూరు పిల్లోడు
ఇదంతా ఎందుకన్నా? ఎమ్మెల్యే గారి దగ్గరికి పోయి అడిగితే ఒక్క ఫోనుతో అయిపోతది. మా గల్లీకి బోరు అట్లనే వచ్చింది.

మాజీ కౌన్సిలర్
వస్తుంది తమ్ముడూ, కాదనను. ఎమ్మెల్యేలు, ఎంపీలు కౌన్సిల్‌లో ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులు కూడా. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల నియోజకవర్గ నిధి ఉంటుంది. అయితే ఆ 5 కోట్లు లోక్‌సభ నియోజకవర్గం మొత్తానికి. ఆ తలుపు తట్టగలిగిన గల్లీకి బోరు వస్తే, తట్టలేని గల్లీ అలాగే ఉండిపోతుంది. పైగా ఆ బోరు మోటారు కాలిపోతే బాగుచేయించాల్సింది మున్సిపాలిటీయే. ఆ ఖర్చు బడ్జెట్‌లో లేకపోతే బోరు ఉండీ లాభం లేదు.

బెజవాడ బాబాయ్
గోదారిగట్టు గారూ, మీది ఏపీ కాబట్టి మీ వార్డు సచివాలయంతో మొదలుపెట్టండి. అక్కడ ఎమినిటీస్ సెక్రటరీ ఉంటారు. రోడ్లు, కాలువలు, నీళ్లు వాళ్ల పనే. ముందు ఆయన్ని తీసుకొచ్చి వీధి చూపించండి, వాన పడిన మర్నాడైతే మరీ మంచిది. ఫొటోలు మీరు తీయడం వేరు, ఆయన తన రిపోర్టులో పెట్టడం వేరు. తర్వాత సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. నంబరున్న అర్జీకి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. "నిధుల లభ్యతను బట్టి పరిశీలిస్తాము" అనే జవాబే రావచ్చు. నిరాశ పడకండి, దాన్ని దాచుకోండి. బడ్జెట్ తయారీ టైములో కమిషనర్ గారికి ఇచ్చే కాగితానికి అదే జతపరచాలి. మా డివిజన్‌లో కల్వర్టు పనికి అలాగే చేశాం, పుస్తకంలో ఎక్కింది.

ఓరుగల్లు వాణి
మా దగ్గర 2019 చట్టంలో ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు పెట్టారు: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు. చాలా చోట్ల పేర్లు రాసుకుని ఊరుకున్నారు. నేను మహిళా కమిటీలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, మీటింగ్ పెట్టమని మనమే వెంటపడాలి. పెట్టాక మాట్లాడి లేచిపోకూడదు. ఏం తీర్మానించామో అక్కడే రాయించి, సంతకాలు చేయించి, కాపీ తీసుకోవాలి. నోటిమాటగా చెప్పింది బడ్జెట్ దాకా చేరదు.

మా వార్డులో కౌన్సిలర్ గారి జాబితా నిండా సీసీ రోడ్లే. ఆడవాళ్లం కూర్చుంటే వేరే జాబితా వచ్చింది. కూరగాయల మార్కెట్ దగ్గర మరుగుదొడ్డి. పొద్దున్నే వచ్చి చీకటి పడేదాకా కూర్చునే అమ్మలు అక్కడ నీళ్లు తాగడమే మానేస్తారు, వెళ్లడానికి చోటు లేక. ట్యూషన్ నుంచి ఆడపిల్లలు వచ్చే దారిలో లైట్లు. బస్టాపు దగ్గర నీడ. ఈ మూడూ కలిపినా ఒక రోడ్డు ఖర్చంత కాదు. లైట్లు వెంటనే పెట్టారు. నీడ కోసం చెట్లు హరిత బడ్జెట్‌లోంచి, అంటే పచ్చదనానికి తీసిపెట్టే ఆ 10 శాతంలోంచి అడిగాం, ఇచ్చారు. ఆ నిధిని మొక్కలు నాటడానికే కాదు, ట్యాంకరుతో నీళ్లు పోయడానికీ ట్రీగార్డులకూ కూడా అడగండి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చట్టంలోనే ఉంది. మరుగుదొడ్డికి స్థలం తేలలేదంటున్నారు. దాన్ని మాత్రం వదలం.

పుణె నుంచి
పుణె కార్పొరేషన్‌లో 2006 నుంచి పౌరుల సూచనలు బడ్జెట్‌లో చేర్చే పద్ధతి ఉంది. వార్డు ఆఫీసులో ఫారం ఇస్తారు, ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు. ఫుట్‌పాత్, బస్టాపు, వీధి దీపాల్లాంటి చిన్న పనులు అడగొచ్చు. బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె నగరం 1989లో మొదలుపెట్టిన పద్ధతి స్ఫూర్తి ఇది. అయితే ఇక్కడ కూడా ఫారాలు నింపేవాళ్లలో చదువుకున్న హౌసింగ్ సొసైటీల వాళ్లే ఎక్కువ కనిపిస్తారు. తెలుగు పట్టణాల్లో పెడితే ఫారంతో పాటు మనిషిని కూడా బస్తీలకు పంపాలి.

లెక్కల మాస్టారు
పుస్తకంలో ఎక్కితే పని అయినట్టేనని ఎవరూ అనుకోకండి. నాకు బడ్జెట్ పుస్తకాలు చదివే అలవాటు ఉంది. అందులో గత ఏడాది వాస్తవంగా వచ్చినది, ఈ ఏడాది అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా పక్కపక్కనే ఉంటాయి. అందరూ చివరి గడి చూస్తారు, పేపర్లో వచ్చేదీ అదే. మీరు మొదటి గడి చూడండి. పోయినేడు నిజంగా వసూలైన ఆస్తి పన్ను ఒక అంకె, వచ్చే ఏడాదికి వేసుకున్నది దానికి ఎంతో ఎక్కువ ఉంటే, ఆ తేడా ఎక్కణ్నుంచి వస్తుందో అడగండి. చాలాసార్లు ఏళ్ల తరబడి వసూలు కాని పాత బకాయిలను, వాటి మీద నెలకు 2 శాతం వడ్డీని కలిపి రాబడిగా చూపిస్తారు. కాగితం మీద మిగులు కనిపిస్తుంది, దాన్ని చూసి పనులు రాస్తారు. డబ్బు రాదు. పని చేసిన కాంట్రాక్టరుకు బిల్లు రాక, తర్వాతి టెండరుకు ఎవరూ ముందుకు రారు. "పని మంజూరైంది, టెండరు పడలేదు" అనే మాట వెనక కథ తరచు ఇదే.

ఈ వివరాల కోసం బతిమాలనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) ప్రకారం బడ్జెట్ కేటాయింపులు, ఖర్చుల వివరాలు ఎవరూ అడగకుండానే వాళ్లు ప్రకటించాలి. లేకపోతే 10 రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జరుగుతున్న పనిని పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉన్నాయి.

ఇంకొక మాట, అడగకపోయినా చెప్తాను. మీ ఇంటి పన్ను రసీదులో గ్రంథాలయ పన్ను ఉంటుంది, పన్నులో 8 శాతం. మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీ దగ్గర ఎంత వసూలైంది, ఎంత జమైంది అడిగి చూడండి. లైబ్రరీకి పేపర్లు రావట్లేదని, కుర్రాళ్లు పోటీ పరీక్షలకు చదువుకోవడానికి చోటు లేదని బాధపడే ప్రతి ఊళ్లో అడగాల్సిన ప్రశ్న ఇది. నాకు దీని మీద కోపం ఎక్కువ, క్షమించండి.

టెక్సాస్ తెలుగోడు
మాస్టారూ, మీ పోస్టు సేవ్ చేసుకున్నా. ఇక్కడి పద్ధతి కూడా చెప్తాను, పనికొస్తుందేమో. టెక్సాస్‌లో ఎక్కువ నగరాలకు ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. పన్ను ఖరారు చేసే ముందు కనీసం 30 రోజులు ముసాయిదా బడ్జెట్ జనానికి అందుబాటులో ఉండాలి, బహిరంగ విచారణ పెట్టాలి. 2019లో వచ్చిన చట్టం వల్ల 30 వేల జనాభా దాటిన నగరాలు నిర్వహణ ఖర్చుల కోసం పాత ఆస్తుల మీద పన్ను రాబడిని 3.5 శాతానికి మించి పెంచాలంటే ఓటర్ల అనుమతి తీసుకోవాలి. ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చు, మా దగ్గర మనిషికి 3 నిమిషాలు.

మా సబర్బ్‌లో మనవాళ్లం క్రికెట్ పిచ్ అడిగాం. విచారణ రోజున మాట్లాడితే మర్యాదగా విన్నారు, అంతే. తర్వాతి ఏడాది ఎండాకాలం రాకముందే పార్కుల బోర్డు దగ్గరికి వెళ్లాం. ఎంత మంది ఆడతారు, ఎన్ని రోజులు, నిర్వహణ ఎవరు చూస్తారు అన్నీ రాసిచ్చాం. అప్పుడు కదిలింది. దేశం మారినా "ముందే వెళ్లాలి" అన్న మాజీ కౌన్సిలర్ గారి మాట మారలేదు.

రిటైర్డ్ ఏఈ
గోదారిగట్టు గారూ, ఇంత చర్చ జరిగాక ఒక్క ప్రశ్న. మీ కాలువ ఎక్కడికి వెళ్లి కలుస్తుంది?

అసిస్టెంట్ ఇంజనీరుగా సర్వీసులో ఎన్నో కాలువలు చూశాను. ఒక వీధికి మంజూరవుతుంది, వీధి చివరిదాకా కడతారు, అక్కడ ఆపేస్తారు. ఆ నీళ్లన్నీ కింద ఉన్న బస్తీలోకి పోతాయి. అందుకే అంచనా వేసేటప్పుడే లెవెల్స్ (నేల ఎత్తుపల్లాల కొలతలు) తీయించమనండి. పెద్ద కాలువ ఎంత దూరం, దాని అడుగు మీ వీధి కంటే కిందుందా మీదుందా, మధ్యలో ఆక్రమణలున్నాయా, ఇవి తేలకుండా వేసిన అంచనా దండగ. అంచనా తయారయ్యాక పరిపాలనా అనుమతి, సాంకేతిక మంజూరు, టెండరు, ఆ వరస ఉంటుంది. ప్రతి దశలో ఫైలు ఎవరి దగ్గరుందో కనుక్కుంటూ ఉండండి. పని జరిగేటప్పుడు ఎం-బుక్‌లో (ఇంజనీర్లు రాసే కొలతల పుస్తకంలో) రాసిన కొలతలు, నేల మీద కొలతలు ఒకటేనా అని చూసేవాళ్లు కాలనీలో ఇద్దరుంటే చాలు, పని నాణ్యత మారిపోతుంది.

నీలిగేటు బస్తీ
ఏఈ సార్ చెప్పిన ఆ కింద బస్తీ లాంటి దాంట్లోనే మేముంటాం. పై కాలనీకి కాలువ వచ్చిన ఏడాది నుంచి మా ఇళ్లలోకి నీళ్లు. మాకు సంఘం లేదు, లెటర్‌హెడ్ లేదు. పొద్దున 6 గంటలకు పనికి పోతే మీటింగులకు ఎవరు వెళ్తారు? మీరు కాగితం రాసేటప్పుడు కింద ఉన్నవాళ్లను ఒక మాట అడగండన్నా. సంతకాలు మేమూ పెడతాం.

గోదారిగట్టు
అందరికీ చాలా చాలా ధన్యవాదాలు. ఏఈ గారూ, మీ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేకపోవడంతో ఈరోజు మా సంఘం పెద్దలతో వీధి చివరిదాకా నడిచి చూశాం. నీళ్లు వాలుగా పోయేది వెనక ఉన్న చేపల వీధి వైపే. అది పక్క వార్డు. అక్కడివాళ్లతో మాట్లాడితే వాళ్ల ఇబ్బంది మాకంటే ఎక్కువగా ఉంది. కాబట్టి మా వీధికి మాత్రమే కాలువ అడగడం మానేస్తున్నాం. రెండు వార్డులూ కలిసి పెద్ద కాలువ దాకా ఒకే పనిగా అడుగుతాం. బాబాయ్ గారు చెప్పినట్టు రెండు సచివాలయాల ఎమినిటీస్ సెక్రటరీలనూ ఒకేసారి పిలుస్తున్నాం. చేపల వీధిలో మీటింగు రాత్రి 8 తర్వాత పెట్టాం, పనికి వెళ్లేవాళ్లు రావాలి కదా.

ఒక సందేహం. రెండు వార్డుల పని అయితే ఇద్దరు కౌన్సిలర్లూ విడివిడిగా ప్రతిపాదన ఇవ్వాలా, ఒకటే ఇవ్వాలా?

మాజీ కౌన్సిలర్
ఒకటే ప్రతిపాదన, ఇద్దరి సంతకాలు. విడివిడిగా ఇస్తే రెండు చిన్న పనులుగా విడగొట్టి, ఒకటి ఈ ఏడాది, ఒకటి పై ఏడాది అంటారు. అప్పుడు మళ్లీ నీళ్లు మధ్యలోనే ఆగుతాయి. కాగితంలో "పెద్ద కాలువలో కలిసే వరకు ఒకే అంచనాగా" అనే మాట తప్పకుండా రాయించండి. రాశాక ఇక్కడ పెట్టండి, అందరం ఒకసారి చూస్తాం.

ఓరుగల్లు వాణి
చేపల వీధి మీటింగుకు ఆడవాళ్లను కూడా రమ్మనండి తమ్ముడూ. నీళ్లు ఏ గుమ్మం దాకా వస్తాయో వాళ్లకే బాగా తెలుస్తుంది.