ముళ్ల మిల్క్‌వెచ్: గింజ మొలవదు, మొలిచింది నిలవదు

రాతితోట_రీనో: ఇంటి ముందు పచ్చిక తీసేసి సేజ్‌బ్రష్ అనే పొద పెరిగే ఎండు నేలల మొక్కలు పెడుతున్నాం. ముళ్ల మిల్క్‌వెచ్ (ఆస్ట్రాగలస్ కెంట్రోఫైటా) గింజలు మామూలు కుండీ మట్టిలో చాలావరకు మొలవట్లేదు. మొలిచినవేమో మొదలు దగ్గర కుళ్లి వాలిపోతున్నాయి. ఇంకో సందేహం: ఊరి బయట గుట్టల మీద నేలకు అంటుకుని పరుచుకున్న ముళ్ల మొక్క ఇదేనా, లేక ఫ్లాక్స్ (Phlox) అనే పూల మొక్కా?

గరపనేల: పప్పుజాతి గింజ కదా, గట్టి పొట్టు నీళ్లను లోపలికి పోనివ్వదు. 220 నంబరు ఉప్పుకాగితం రెండు ముక్కల మధ్య పెట్టి మెల్లగా రుద్దండి. మెరుపు పోతే చాలు. లోపలి పప్పు బయటపడితే మాత్రం ఆ గింజ కుళ్లుతుంది. గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉబ్బినవి వెంటనే విత్తండి. ఉబ్బనివి ఆరబెట్టి మళ్లీ రుద్దాలి.

మొలకలు కుళ్లేది కుండీ మట్టి వల్లే, అది తడిని వదలదు. ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) లేదా గరుకు ఇసుక మూడు పాళ్లు, తోటమట్టి ఒక పాలు కలపండి. కంపోస్టు వద్దు. అర సెంటీమీటరు లోతు సరిపోతుంది. మొలక నిలదొక్కుకున్నాక మొదలు చుట్టూ సన్న గులకరాళ్లు పరవండి.

తల్లివేరు: రుద్దడంతో పాటు నెల రోజులు తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో పెడితే మొలకలన్నీ ఒకేసారి వస్తాయి.

గరపనేల: రుద్ది నానబెట్టిన గింజను ఫ్రిజ్‌లో పెడితే బూజు పట్టే ప్రమాదం ఎక్కువ. చలి తగలాలంటే రుద్దని గింజల్ని అక్టోబరు, నవంబరులో ఆరుబయట విత్తేయండి. మిగతాది చలికాలం చూసుకుంటుంది, కాకపోతే కొన్ని మరుసటి ఏడు మొలుస్తాయి. సగం అలా, సగం ఇలా వేయడం మేలు.

తల్లివేరు: అదీ నిజమే. కుండీ మాత్రం లోతుగా, కనీసం 15 సెంటీమీటర్లు ఉండాలి. తల్లివేరు అడుగున చుట్టుకోకముందే, రెండు మూడు అసలు ఆకులు రాగానే నేలలోకి మార్చేయండి. ముదిరాక కదిపితే బతకడం అరుదు. గుట్టల మీద నుంచి పీకి తేవడం అందుకే దండగ, పైగా ప్రభుత్వ భూమిలో అనుమతి లేకుండా తవ్వకూడదు.

డ్రిప్ గొట్టం మొదలు పక్కన పెట్టొద్దు. మొదటి వేసవిలో పై మట్టి బాగా ఎండాకే తడి ఇవ్వండి. ఎరువు అసలొద్దు, వేస్తే చాపలా పరుచుకోకుండా వదులుగా సాగుతుంది.

ముళ్లకంప: గుర్తుపట్టడం తేలికే. ఫ్లాక్స్‌లో ఆకులు ఎదురెదురుగా, చీలికల్లేకుండా ఉంటాయి, పువ్వుకు అయిదు సమానమైన రేకలు. మిల్క్‌వెచ్‌లో ఒక్కో ఆకు చిన్న చిన్న పత్రకాలుగా చీలి ఉంటుంది, ప్రతి పత్రకం కొనా ముల్లే. పువ్వు బఠాణీ పువ్వులా, చాలా చిన్నది, ఊదా లేదా తెలుపు. పూత అయిపోతే కాయ వెతకండి: సెంటీమీటరు కూడా ఉండదు, లోపల గింజలు కొన్నే. ఆకుల మధ్య దాక్కుని ఉంటుంది, చేతికి తొడుగు వేసుకుని వెతకండి.