2017 బ్రౌన్స్ 0-16: పథకమా, చేతగానితనమా?

ఎరీ తీరం:
అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 2016లో 16 మ్యాచుల్లో ఒక్కటంటే ఒక్కటే గెలిచింది. 2017లో అదీ లేదు. ఆ ఆట లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో అట్టడుగున ఉన్న జట్టుకే తర్వాతి డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) మొదటి పిక్, అంటే మొదటి ఎంపిక, దక్కుతుంది కాబట్టి, "కావాలనే ఓడారు, మంచి పనే చేశారు" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. నేను ఒప్పుకోను. మీరేమంటారు?

అంకెల మనిషి:
అన్నా, కావాలని ఓడలేదు, గెలవాలని తొందరపడలేదంతే. 2017లో హ్యూస్టన్ జట్టుకి 12వ పిక్ ఇచ్చి బదులుగా తెచ్చుకున్న పిక్‌లలో ఒకదానితోనే డెంజెల్ వార్డ్ వచ్చాడు. హ్యూస్టన్ వదిలించుకోవాలనుకున్న ఆటగాడు బ్రాక్ ఆస్‌వైలర్ జీతం 1.6 కోట్ల డాలర్లు నెత్తినేసుకున్నందుకు దొరికిన పిక్‌తో నిక్ చబ్ వచ్చాడు. 2017 మొదటి పిక్‌తో వచ్చిన మైల్స్ గారెట్ సరేసరి. జట్టును ఇలాగే కట్టాలి.

ఎరీ తీరం:
ముగ్గురూ ఆణిముత్యాలే తమ్ముడూ. మరి 2017లో మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) కైజర్ లెక్క ఎవరు చెప్పాలి? 21 ఏళ్ల కుర్రాడు. పక్కన నేర్పించడానికి అనుభవమున్న క్వార్టర్‌బ్యాక్ ఒక్కడూ లేడు. 22 ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి ప్రత్యర్థి చేతికి చిక్కడం), ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువ. పైగా వరసగా 10,363 స్నాప్‌లు (బంతి ఆటలోకి వచ్చే ప్రతిసారీ ఒక స్నాప్) ఆడిన జో థామస్ అక్టోబరులో గాయపడి, కైజర్ ఎడమవైపు కాపలా పోయింది.

డిసెంబరు 31న పిట్స్‌బర్గ్‌లో ఆఖరి మ్యాచ్ గుర్తుందా? అవతల వాళ్ల అసలు క్వార్టర్‌బ్యాక్ రోత్లిస్‌బర్గర్ ఆడలేదు. 28-24తో వెనకబడి ఉన్నాం, నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం. కైజర్ తప్పించుకుంటూ చక్కగా విసిరాడు. ఎదురుగా ఎవరూ లేని కోరీ కోల్‌మన్ చేతుల్లోంచి బంతి జారిపోయింది. 2016లో రెండో పిక్ ఫిలడెల్ఫియాకి ఇచ్చేసి, వాళ్లు క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్‌ని తీసుకుంటే, మనవాళ్లు 15వ స్థానానికి దిగి ఎంచుకున్నది ఈ కోల్‌మన్‌నే! పిక్‌లు పోగేయడం వేరు, మనిషిని గుర్తుపట్టడం వేరు.

మూడో డౌన్:
కోచ్‌ని వదిలేశారేం? 2017 డిసెంబరులో ఆటగాళ్ల ఎంపికలు చూసే సాషీ బ్రౌన్‌ని పంపేసి కోచ్ హ్యూ జాక్సన్‌ని ఉంచారు. 2018 అక్టోబరులో ఆయన్ని తీసేసేసరికి రికార్డు 3-36-1 (గెలుపు-ఓటమి-టై). ఓడితే బోనస్ వచ్చేలా ఒప్పందం ఉండేదని 2022లో ఆయన అన్నాడు. లీగ్ పెట్టించిన విచారణలో అది రుజువు కాలేదు.

ఎరీ తీరం:
కోచ్ విషయంలో నీదే కరెక్ట్, రెండేళ్లలో ఒక్క గెలుపుతో ఇంకెవరికీ మూడో ఏడాది ఇవ్వరు. ఇక అభిమానుల సంగతి. 2018 జనవరి 6న దాదాపు 3,000 మంది గడ్డకట్టే చలిలో స్టేడియం చుట్టూ సున్నా ఆకారంలో ఊరేగారు. టికెట్లకు డబ్బు పోసింది వాళ్లు. ఓర్చుకోవాలి, ఇదే పద్ధతి అంటున్నవాళ్లు వాళ్లకేం జవాబు చెబుతారో ముందు అది రాయండి.