కోడ్, బొమ్మలు రెండూ ఒక్కరే నేర్చుకుంటూ 2డి ఆట తయారుచేయడం: ముందు దేని మీద కూర్చోవాలి?

గ్రాఫ్‌కాగితం (పుట్టపాక):

అందరికీ నమస్కారం. మాది పుట్టపాక. నల్లగొండలో బీకాం చదువుతున్నాను. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో గోడో (ఆటలు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్) పెట్టుకుని ఒక చిన్న ఆట మొదలుపెట్టాను.

కథ చిన్నదే. నల్లగొండలో కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట ఉన్నాయి కదా, అలాంటి గుట్ట మీద ఒక అమ్మాయి బండ మీంచి బండ మీదికి దూకుతూ పైకి వెళ్లాలి. చేతిలో నూలు ఉండ ఉంటుంది. ఆమె వెళ్లిన దారంతా దారం పరుచుకుంటూ వస్తుంది. నూలు అయిపోయేలోగా పైకి చేరాలి. అడ్డదిడ్డంగా తిరిగితే నూలు చాలదు. ఈ ఆట నాకు చాలా ఇష్టం, ఎలాగైనా పూర్తిచేయాలని ఉంది.

మా నాన్న తేలియా రుమాలు (నూలుకు నూనె పట్టించి, రంగులు అద్ది నేసే బట్ట) నేస్తారు. పడుగుకూ పేకకూ కట్లు కట్టి అద్దకం వేయాలంటే ముందు నమూనా గ్రాఫు కాగితం మీదికి రావాలి. ఆ గడులు నింపడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అందుకే పదహారు గడుల వెడల్పు, ఇరవై నాలుగు గడుల ఎత్తులో అమ్మాయి బొమ్మ తేలిగ్గానే వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే వాడాను. నిలబడి ఉంటే ముచ్చటగా ఉంది. నడిపిస్తే మాత్రం అట్టముక్కను జరిపినట్టు కనిపిస్తోంది.

ఇంకో చిక్కు. నా ల్యాప్‌టాప్‌లో సరిగ్గా నడిచే అమ్మాయి, హైదరాబాదులో మా అన్న కంప్యూటర్‌లో రెండింతలకు పైగా వేగంతో పరుగెత్తుతోంది. కోడ్‌లో ప్రతిసారీ నాలుగు పిక్సెళ్లు జరపమని రాశాను, అంతకంటే ఏమీ లేదు. తెరమీద తెలుగు అక్షరాలు కూడా విడిపోతున్నాయి, వత్తులు పక్కకు వచ్చి కూర్చుంటున్నాయి. నేను చూసిన పాఠాలు గోడో 3కి చెందినవి.

బండలు గుండ్రంగా ఉంటాయి, టైల్స్ (ఆటలో నేలను పేర్చే చిన్న బొమ్మ ముక్కలు) చతురస్రాలు. వీటిని ఎలా కలపాలి? బొమ్మలు పూర్తిగా నేర్చుకుని కోడ్‌కు రావాలా, కోడ్ అయ్యాక బొమ్మలకు వెళ్లాలా?

గద్వాల_అంచు:

చెల్లెమ్మా, మీ అన్న తెర 144 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 144 చిత్రాలు చూపేది అయి ఉంటుంది, మీది 60. మీరు రాసింది ప్రాసెస్ ఫంక్షన్‌లో కదా? అది తెరమీద కొత్త చిత్రం పడిన ప్రతిసారీ నడుస్తుంది. నాలుగు పిక్సెళ్లు సెకనుకు 60 సార్లు అంటే 240, అదే 144 సార్లు అంటే 576. అందుకే ఆ పరుగు. ‘సెకనుకు 240’ అని వేగం రాసి దాన్ని డెల్టాతో గుణించండి. డెల్టా అంటే కిందటి చిత్రానికీ ఈ చిత్రానికీ మధ్య గడిచిన కాలం. ఇక ఏ యంత్రంలోనైనా ఒకే నడక. గోడో 4లో పాత్రలను కదిలించడానికి ఉన్న క్యారెక్టర్‌బాడీ2డి వాడితే, దానిలోని మూవ్ అండ్ స్లయిడ్ అనే ఫంక్షన్ ఆ లెక్క తానే చూసుకుంటుంది, వేగాన్ని మళ్లీ డెల్టాతో గుణించకూడదు. గురుత్వాకర్షణను వేగానికి కలిపే చోట మాత్రం డెల్టా ఉండాలి.

బొమ్మ బతకకపోవడానికీ ఇదే మూలం అని నాకనిపిస్తోంది. గ్రాఫు కాగితం మీకు స్థలం నేర్పింది. ఏ గడిలో ఏ రంగో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆటకు కావలసింది కాలం. కోడ్‌లో అది డెల్టా, బొమ్మలో అది నడక భంగిమలు. కాబట్టి ముందు ఇది, తర్వాత అది అని విడదీయకండి. రెంటిలోనూ కాలాన్నే నేర్చుకోండి.

నడకకు నాలుగు బొమ్మలు చాలు. కుడికాలు ముందుకు చాచి నేలకు ఆనించినది ఒకటి, కాళ్లు ఒకదాన్నొకటి దాటుతున్నది ఒకటి, ఎడమకాలితో మళ్లీ అవే రెండు. కాళ్లు దాటేటప్పుడు తలా మొండెమూ ఒక్క పిక్సెల్ పైకి జరపండి. ఆ ఒక్క పిక్సెల్‌తోనే బరువు కనిపిస్తుంది. జడ ఒక బొమ్మ ఆలస్యంగా కదిలితే ఇంకా బాగుంటుంది. గీయడానికి లిబ్రేస్ప్రైట్ లేదా పిక్సెలోరామా అనే పిక్సెల్ బొమ్మల సాఫ్ట్‌వేర్ తీసుకోండి, రెండూ ఉచితం. పిక్సెలోరామాను గోడోతోనే కట్టారు.

మూడు రంగులకే కట్టుబడ్డారని చదివి సంతోషం వేసింది. దయచేసి వదలకండి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో మేఘాలూ పొదలూ ఒకే ఆకారం, రంగులే వేరు. ఆ ఆట నడిచిన నింటెండో యంత్రంలో కదిలే బొమ్మ ఒక్కోదానికి పారదర్శకం కాక మూడే రంగులు దొరికేవి. రుమాలు రంగులు కూడా సరిగ్గా మూడే.

పాలమూరు సారు:

అమ్మా, నేను జిల్లా పరిషత్ పాఠశాలలో గణితం చెబుతాను, సాయంత్రాలు పిల్లలతో గోడోలో ఆటలు కట్టిస్తాను. తెలుగు అక్షరాల సంగతి నాకు ముఖ్యం. గోడో 3కి మన లిపిని కూర్చే శక్తి లేదు. గోడో 4లో అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ ఉంది, గుణింతాలూ వత్తులూ చక్కగా పడతాయి. మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ ఫాంటుగా పెట్టండి. పాత ఆటను అందులోకి మార్చే కంటే ఇంత చిన్నప్పుడే కొత్తగా రాసుకోవడం మేలు. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు బొమ్మలు గీసే పద్ధతుల్లో (రెండరర్) కంపాటిబిలిటీ ఎంచుకుంటే పాత యంత్రం మీదా నడుస్తుంది. బొమ్మలు మసకబారకుండా ప్రాజెక్టు సెట్టింగుల్లో టెక్స్‌చర్ ఫిల్టర్‌ను నియరెస్ట్‌కు మార్చండి. ఆట తెర వెడల్పు 320, ఎత్తు 180 పిక్సెళ్లు పెట్టుకుంటే నాలుగింతలకు 1280, 720 అవుతుంది, ఆరింతలకు 1920, 1080. గడులు ఎక్కడా చెదరవు.

బండలను టైల్స్ చేయకండి. నేలకూ మెట్లకూ టైల్స్, ప్రతి బండా విడి బొమ్మ. దాని చుట్టూ బహుభుజి గీసి ఢీకొనే హద్దు ఇవ్వండి. ఒక మాట గుర్తుంచుకోండి: 45 డిగ్రీలకు మించిన వాలును గోడో నేలగా లెక్కించదు, గోడ అనుకుంటుంది. గుండ్రని బండ పక్కకు వెళ్తే అమ్మాయి జారుతుంది. దాన్ని సరిచేయకండి! మన గుట్టల మీద నిజంగా జరిగేది అదే.

గ్రాఫ్‌కాగితం:

అన్నా, సార్, చాలా కృతజ్ఞతలు. గోడో 4లో కొత్తగా మొదలుపెట్టాను, డెల్టా అర్థమైంది. కాళ్లు దాటేటప్పుడు తల ఒక పిక్సెల్ లేపాను. నాన్నకు చూపిస్తే ‘ఇప్పుడు నడుస్తోంది’ అన్నారు. దారం ఎలా గీయాలి? నూలు ఎంత మిగిలిందో ఎలా లెక్కపెట్టాలి?

గద్వాల_అంచు:

దారానికి లైన్2డి (బిందువులను కలిపి గీత గీసే గోడో పనిముట్టు) వాడండి. చివరి బిందువు నుంచి అమ్మాయి ఎనిమిది పిక్సెళ్లు కదిలినప్పుడల్లా కొత్త బిందువు చేర్చండి. రెండు బిందువుల మధ్య దూరాన్ని మొత్తం నూలులోంచి తీసేస్తూ పోండి, మిగిలినదే ఆమె చేతిలో ఉన్న ఉండ. ఉండ బొమ్మను పెద్దది, మధ్యస్థం, చిన్నది అని మూడుగా గీసి మిగిలిన నూలును బట్టి మార్చండి. అంకె చూపించనక్కర్లేదు. మొదటి గుట్టకు ఒకే తెర చేసి ఇక్కడ పెట్టండి, ఆడి చెబుతాం.