సున్నాతో భాగించమంటే ఆండ్రాయిడ్‌కి అర్థమవుతుందా, హ్యాంగ్ అవుతుందా?

కథల_పురుగు:
ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాస్తున్నా. అందులో మనిషిలాగే మాట్లాడే, ఆలోచించే ఆండ్రాయిడ్ రోబో ఉంది. విలన్ దాన్ని ఆపడానికి "5ని సున్నాతో భాగించు" అంటాడు, అది పొగలు కక్కుకుంటూ కూలిపోతుంది, ఇదీ ప్లాన్. మా ఫ్రెండ్‌కి చెప్తే మామూలు కాలిక్యులేటరే ఎర్రర్ అని చూపించి ఊరుకుంటుంది, నీ ఆండ్రాయిడ్ దానికన్నా మొద్దా అన్నాడు. సరే, కూలకపోతే పోనీ, నా అసలు డౌట్ వేరే. ఈ ప్రశ్న దానికి "అర్థమైంది" అని ఎప్పుడు అనొచ్చు? జవాబు చెప్తేనా, జవాబు లేదు అంటేనా?

బైట్_బాబాయ్:
పొగలు మాత్రం వద్దు బాబూ. దశాంశాల లెక్కలకి 1985 నుంచీ ఐ ట్రిపుల్ ఈ 754 అని ఒక స్టాండర్డ్ ఉంది, దాని ప్రకారం 5ని 0తో భాగిస్తే ఇన్ఫినిటీ వస్తుంది, 0ని 0తో భాగిస్తే "నాన్" వస్తుంది, అంటే ఇది అసలు నంబరే కాదని గుర్తు. ఈ నాన్ ఎంత తిక్కదంటే దాన్ని దానితోనే పోల్చినా సమానం కాదంటుంది. పూర్ణసంఖ్యలైతే ఇంకో కథ, మామూలు పీసీల్లో ఉండే ఎక్స్86 చిప్ పని ఆపేసి ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్తుంది, ఫోన్లలో ఉండే 64 బిట్ ఆర్మ్ చిప్ గమ్మున 0 ఇచ్చేసి ముందుకెళ్ళిపోతుంది. అంటే మీ ఆండ్రాయిడ్‌లో ఏ చిప్ పెట్టారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది, ఇందులో అర్థమవడం ఎక్కడుంది చెప్పండి.

కూలిపోవడం పూర్తిగా కట్టుకథ కాదులెండి. 1997లో అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌన్‌లో డేటాబేస్‌లోకి ఒక సున్నా ఎక్కి, దానితో భాగహారం జరిగి, సిస్టమ్స్ పడిపోయి నౌక నడిసముద్రంలో ఆగిపోయింది. తప్పు సున్నాది కాదు, దాన్ని పట్టుకునే కోడ్ రాయనివాళ్ళది. మీకు మరీ డ్రామా కావాలంటే పాతకాలం మెకానికల్ కాలిక్యులేటర్ పెట్టండి, అది భాగహారాన్ని తీసివేతల్లా చేస్తుంది కాబట్టి 5 లోంచి సున్నా తీసేస్తూ ఆపేదాకా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది.

అనంత్_ఫ్యాన్:
ఇంత గొడవెందుకు, జవాబు ఇన్ఫినిటీనే కదా. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలోనే దీన్ని ఖహరం, అంటే హారంలో సున్నా ఉన్నది, అన్నాడు, ఎంత కలిపినా ఎంత తీసినా మారదు, సృష్టి ప్రళయాల్లో జీవులు ఎందరు వచ్చిపోయినా అచ్యుతుడు మారనట్టు అని బీజగణితం అనే తన గ్రంథంలో చెప్పాడు. ఆండ్రాయిడ్ చేత ఆ మాటే అనిపించండి, సీన్ అదిరిపోతుంది.

లెక్కల_పిచ్చి:
@అనంత్_ఫ్యాన్ ఏ ఇన్ఫినిటీ? 5ని 0.1తో, 0.01తో, ఇంకా చిన్నదానితో భాగిస్తూ పోతే పైకి పోతుంది నిజమే, అదే మైనస్ 0.1, మైనస్ 0.01తో పోతే అటు కిందకి పోతుంది. పాతవాళ్ళు కూడా ఒక్క మాట మీద లేరు, 628లో బ్రహ్మగుప్తుడు 0/0ని సున్నా అన్నాడు, తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడనే గణితవేత్త సున్నాతో భాగిస్తే సంఖ్య మారదన్నాడు.

అసలు విషయం చాలా చిన్నది, భాగహారం అంటే గుణకారాన్ని వెనక్కి తిప్పడం. సున్నాతో ఏం గుణిస్తే 5 వస్తుంది? ఏదీ రాదు. సున్నా రావాలంటే? ఏదైనా సరిపోతుంది. అయినా మొండిగా మామూలు రూల్స్‌తోనే భాగిస్తానంటే 0×1, 0×2 రెండూ సున్నానే కాబట్టి రెండువైపులా సున్నాని కొట్టేసి 1 = 2 అని ఒప్పుకోవాల్సొస్తుంది. సంఖ్యలన్నిటినీ ఒక గోళం మీద పాయింట్లుగా చూసే రీమాన్ గోళంలో ఒకే ఒక్క ఇన్ఫినిటీ పెట్టుకుని 1/0కి విలువ ఇస్తారు, కానీ అక్కడ కూడా 0/0 తేలదు. లీన్ అని రుజువులు చెక్ చేసే సాఫ్ట్‌వేర్‌లో ఏ సంఖ్యనైనా సున్నాతో భాగిస్తే 0 అని పెట్టుకున్నారు, ఏ గొడవా రాలేదు, ఎందుకంటే వాళ్ళ సిద్ధాంతాల్లో "హారం సున్నా కాకపోతే" అన్న షరతు అవసరమైన చోట విడిగా పెట్టుకుంటారు. కాబట్టి జవాబు ఎంత అన్నది కాదు ముఖ్యం, ఏ రూల్ పెట్టుకుంటే ఏ రూల్ వదులుకోవాలో చెప్పగలిగితే అర్థమైనట్టే. మనలో సగం మంది "నిర్వచితం కాదు" అని బట్టీ కొట్టినవాళ్ళమే, మనకి మాత్రం అర్థమైందంటావా?

కథల_పురుగు:
ఇది సూపర్. అయితే ఆండ్రాయిడ్ ఎదురు అడుగుతుంది, "ఏ రూల్స్ ప్రకారం భాగించమంటావ్?" అని. విలన్ నోరెళ్ళబెడతాడు.

బైట్_బాబాయ్:
డైలాగ్ బాగుంది కానీ అది కూడా బట్టీ కావచ్చు కదా, పైన చెప్పినవన్నీ మెమరీలో ఎక్కించేస్తే చాలు. నన్నడిగితే దానికి తెలియనిది ఇవ్వాలి. సున్నా మాటే ఎత్తకుండా ఒక మ్యాట్రిక్స్, అంటే పాయింట్లని ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపే సంఖ్యల పట్టిక, ఇచ్చి దాన్ని వెనక్కి తిప్పే ఇన్వర్స్ కనుక్కోమను, ప్లేన్ మొత్తాన్ని ఒక గీత మీదకి నొక్కేసే రకం. అది ఇన్వర్స్ ఉందో లేదో చెప్పే డిటర్మినెంట్ అనే సంఖ్య చూసి "లేదు" అంటే మామూలే. అలా కాకుండా, "వేరువేరు పాయింట్లు ఒకే చోటికి వచ్చి పడ్డాయి, ఏది ఎక్కడ్నుంచి వచ్చిందో ఇప్పుడు చెప్పలేను, సున్నాతో గుణించినా ఇదే కదా జరిగేది" అని తనంతట తాను కలిపిందనుకో, అప్పుడు ఒప్పుకుంటా.

లెక్కల_పిచ్చి:
@బైట్_బాబాయ్ ఈ టెస్ట్ మనుషులకి పెడితే ఎంతమంది పాసవుతారంటావ్ 😄

కథల_పురుగు:
టెస్ట్ బానే ఉంది గానీ ఇప్పుడు విలన్‌కి మ్యాట్రిక్సులు రావాలే, వాణ్ణి మొదటి చాప్టర్లోనే లెక్కల్లో ఫెయిలైనవాడిగా రాసేశా. ఆ టెస్టేదో ఇంకో క్యారెక్టర్ చేత పెట్టిస్తా.