సెరిబ్రల్ పాల్సీ: థెరపీకి నెలకు ఒక్కసారే వెళ్లగలిగితే?

ప్రశ్న: మూడేళ్ల పాపకు సెరిబ్రల్ పాల్సీ (మెదడులోని లోపం వల్ల కదలికలు, కండరాల పట్టు దెబ్బతినే స్థితి). ఫిజియోథెరపీ కేంద్రం చాలా దూరం, నెలకోసారి మించి కుదరదు. మిగతా రోజులు ఇంట్లో ఏం చేయించాలి? ఏఎఫ్‌ఓ (పాదాన్ని, చీలమండను సరైన స్థితిలో నిలిపే తొడుగు) తొడిగితే ఏడుస్తోంది కూడా.

జవాబు: వెళ్లినప్పుడు వ్యాయామం చేయించుకుని రావడం కాదండీ, మీరు నేర్చుకుని రావాలి. ఒకటి రెండు లక్ష్యాలే పెట్టుకోండి, "పట్టుకుని పీట మీంచి లేవడం" లాంటివి. థెరపిస్టు ఎదుటే మీ చేత్తో చేసి చూపించి, వీడియో తీసుకోండి. ఇంట్లో స్నానం, బట్టలు, ఆటల్లోనే అది రోజూ పలుమార్లు జరగాలి. మనం కాళ్లు సాగదీస్తే చాలదు. పాప తనంతట తాను ప్రయత్నిస్తేనే కదలిక వస్తుంది.

జవాబు: ఏఎఫ్‌ఓలో మడమ పూర్తిగా వెనక్కి, కిందికి ఆనాలి. చీలమండ పట్టీ ముందు బిగించండి, లేకపోతే మడమ లేచి ఒరుసుకుంటుంది. మేజోడు ముడతపడకూడదు. తీశాక ఎరుపు 20–30 నిమిషాల్లో పోకపోయినా, బొబ్బ లేచినా వాడకం ఆపి సరిచేయించండి. చాలాసార్లు పాదం పెరిగి ఇరుకైపోయి ఉంటుంది.

జవాబు: తుంటి ఎక్స్‌రే మాత్రం వాయిదా వేయకండి, దయచేసి. జీఎంఎఫ్‌సీఎస్ (పిల్లల కదలిక సామర్థ్యాన్ని 1 నుంచి 5 దాకా చెప్పే కొలమానం, 5 అంటే అత్యంత తీవ్రం) 3, 4, 5 స్థాయుల్లో నొప్పి లేకుండానే తుంటి కీలు జారిపోవచ్చు. పాప స్థాయి ఎంతో అడిగి రాయించుకోండి. డైపర్ మార్చేటప్పుడు కాళ్లు విడదీయడం కష్టమవుతుంటే వెంటనే ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించాలి.