హఠాన్మరణమా, అపమృత్యువా: ఆటలో సిమ్ పోతే ఏ మాట వాడాలి?

ప్రశ్న: సిమ్స్ 4 అనే కంప్యూటర్ ఆట (అందులో మనం నడిపించే మనుషులే సిమ్‌లు) ఆడేవాళ్ళ కోసం తెలుగులో సహాయ పాఠం తయారవుతోంది. వయసు మళ్ళి పోయిన సిమ్‌కీ, పొయ్యి మంటల్లో పోయిన సిమ్‌కీ "అకాల మరణం" అనే ఒక్క మాట చాలుతుందా?

జవాబు: చాలదండీ. "హఠాత్తు" అనేది చూసేవాడి వైపు నుంచి చెప్పే మాట, అతను ఎదురుచూడలేదని. "అకాలం" పోయినవాడి ఆయుష్షు లెక్క. "అపమృత్యువు" చావుకు కారణాన్ని చెబుతుంది: నిప్పు, నీరు, కరెంటు, ఆకలి. మీరు ఒక ఇల్లు ఆడుతుండగా పొరుగింటి ముసలాయన పోతే అది మీకు హఠాన్మరణం, ఆయనకు మాత్రం ఆయువు తీరడమే.

ఇది పదాల పట్టింపు మాత్రమే కాదు. సెట్టింగుల్లో ఆటో ఏజ్ (సిమ్‌ల వయసు దానంతటదే పెరగడం) ఆపేస్తే ఆయువు తీరడం ఆగుతుంది, అపమృత్యువు ఆగదు. "మరణాలు ఆగుతాయి" అని రాశారో, ఆ పాఠం నమ్మినవాడి సిమ్ మర్నాడే స్విమ్మింగ్ పూల్‌లో పోతుంది. పైగా ఆడే ఇళ్ళకూ ఆడని ఇళ్ళకూ ఏజింగ్ మీటలు వేరువేరు. ఆడని ఇళ్ళలో ప్రమాద మరణాలు నైబర్‌హుడ్ స్టోరీస్ (ఆ ఇళ్ళ జీవితాల్ని ఆటే నడిపే ఏర్పాటు) వల్ల కూడా జరగొచ్చు, దాన్ని విడిగా ఆపుకోవాలి.

మరో జవాబు: భావోద్వేగ మరణాల దగ్గర ఇంకా జాగ్రత్త. "నవ్వలేక చచ్చాం", "సిగ్గుతో చచ్చిపోయాను" అని మనం ఊరికే అంటాం, ఆ ఆటలో అవి అక్షరాలా జరుగుతాయి. కోపంతో పోయేదాన్ని మాత్రం "గుండె పగిలి" అనకండి. తెలుగులో గుండె పగిలేది దుఃఖంతో. "కోపంతో గుండె ఆగి" అంటే అయోమయం ఉండదు. సిమ్ నవ్వు హిస్టీరికల్ దశకు, కోపం ఎన్‌రేజ్డ్ దశకు చేరితే వెంటనే అద్దం దగ్గరికి పంపి శాంతపరచాలి. ఇంకో జోకు వేయించడమో, ఇంకో గొడవ పెట్టించడమో చేస్తే అంతే సంగతులు.

ఇంకొకరు: "బాల్చీ తన్నేశాడు" అని మాత్రం రాయకండి, అది ఇంగ్లీషు నుంచి దిగిన బాల్చీ. హాస్యమే కావాలంటే "టపా కట్టేశాడు", "హరీమన్నాడు" ఉన్నాయి. "కాలం చేశారు" పెద్దలకు మర్యాదగా వాడేది. ఆ ఆటలో సిమ్‌లను మింగే ఆవు మొక్క నోట్లో పడినవాణ్ణి కాలం చేశారంటే నవ్వొస్తుంది.

ప్రశ్న అడిగినవారు: బాగుంది. మరి తిరిగి బతికించడాన్ని "పునర్జన్మ" అనవచ్చా?

మొదటి జవాబిచ్చినవారు: అనకూడదు. అంబ్రోసియా అనే వంటకం తినిపిస్తే దెయ్యంగా ఉన్న సిమ్మే మళ్ళీ మనిషవుతాడు, అది పునరుజ్జీవనం. దానికి గోర్మే వంట నైపుణ్యం 10వ స్థాయి, ఏంజెల్‌ఫిష్, డెత్ ఫ్లవర్, యవ్వన పానీయం కావాలి. డెత్ ఫ్లవర్ రావాలంటే దానిమ్మనూ ఆర్కిడ్‌నూ అంటు కట్టాలి. దానిమ్మ రావాలంటే ముందు ఆపిల్‌నూ చెర్రీనీ, ఆర్కిడ్ రావాలంటే లిల్లీనీ స్నాప్‌డ్రాగన్‌నూ అంటు కట్టాలి. అందుకే సిమ్ పోయాక మొదలుపెడితే ఆలస్యం, తోట ముందే ఉండాలి. 2024 అక్టోబరులో వచ్చిన లైఫ్ అండ్ డెత్ అనే అదనపు ప్యాక్‌లో వేరే మనిషిగా మళ్ళీ పుట్టే మార్గం ఉంది, "పునర్జన్మ" దానికి అట్టేపెట్టండి.

ఈ గొడవంతా లేకుండా తేలిక దారి ఒకటుంది: సిమ్ పోయిన వెంటనే సేవ్ చేయకుండా బయటికి రావడం. పొరపాటున సేవ్ చేసేస్తే లోడ్ మెనూలో రికవర్ సేవ్ నొక్కితే పాత ప్రతులు దొరుకుతాయి. అవి కొన్నే ఉంటాయి, సేవ్ చేసినప్పుడల్లా అన్నిటికన్నా పాతది చెరిగిపోతుంది. కాబట్టి ఏం చేయాలో తేల్చుకునేదాకా ఇంకోసారి సేవ్ నొక్కవద్దని పాఠంలో పెద్దక్షరాలతో రాయండి. దీన్ని "బతికించడం" అనకండి, "వెనక్కి వెళ్ళడం" అనండి: ఆ చావు జరగనే లేదు కదా.